డెల్మర్ పొలం తప్ప

అల్వీనా హౌక్ మెడ తిరగదు. ఆమెతో మాట్లాడాలంటే ఎదురుగా వెళ్లి నిలబడాలి. పక్కనుంచి పిలిస్తే నడుము నుంచి మొత్తం మనిషే తిరుగుతుంది, తలుపు తిరిగినట్టు. కొత్తవాళ్లు పొగరనుకుంటారు. పొగరు ఆమెకి మెడ బాగున్నప్పుడూ ఉండేది.

నా పేరు లొరెట్టా. మా ఇల్లూ హౌక్‌ల ఇల్లూ ఒకే మట్టిరోడ్డు మీద ఉన్నాయి, మధ్యలో మా గుట్ట ఒక్కటే అడ్డం. నార్త్ డకోటాలో మా క్రోన్‌టాల్ చుట్టుపక్కల ఆవులు లేని ఇల్లు లేదు. ఆవులున్నవాడికి ఎండాకాలంలో గడ్డి తప్ప వేరే ధ్యాస ఉండదు. కోసిన గడ్డిని పొడుగాటి వరసలుగా ఆరబెట్టి, వాన పడేలోగా పెద్ద పెద్ద చుట్టలు కట్టెయ్యాలి. మంచు కురిసినన్నాళ్లూ ఆవులు బతికేది ఆ చుట్టల మీదే.

అల్వీనా తండ్రి పోయేటప్పుడు పొలమూ ట్రాక్టరూ కొడుకు డెల్మర్‌కి రాసిపోయాడు. కూతురికి మేడ మీది గదీ, తల్లి ఒటీలియాని చూసుకునే పనీ మిగిలాయి. మా వైపు అది మామూలే కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు, అల్వీనాతో సహా. ఆమె బడిపిల్లలకి వండిపెడుతూ ఏళ్ల తరబడి కూడబెట్టిన జీతంతో గడ్డి చుట్టలు కట్టే బేలర్ ఒకటి కొనుక్కుంది. మేనత్తలు పెళ్లిగౌను కొనుక్కోవాల్సిన డబ్బుతో ఇనుము కొనుక్కుందని నవ్వారు.

బేలర్‌కి సొంత ఇంజనుండదు. ఎద్దు వెనక బండిలా ట్రాక్టరు వెనక తగిలించి లాగాలి. దాన్ని తిప్పే బలం కూడా ట్రాక్టరు నుంచే ఒక షాఫ్టు ద్వారా వెళ్తుంది. అందుకని నడిపే మనిషి పొద్దస్తమానం మెడ తిప్పి వెనక్కి చూస్తూనే ఉండాలి. వరస సరిగా లోపలికి పోతోందా, చుట్ట ఒక పక్కకి ఒరిగిపోతోందా, పురికొస పడిందా లేదా అని. ట్రాక్టరు తమ్ముడిది, బేలర్ అక్కది. ఇద్దరూ కలిసి ఊళ్లోవాళ్ల గడ్డి కట్టిపెట్టేవారు. కట్టేది అల్వీనా, మాటలు చెప్పేది డెల్మర్. వరస మీద కాస్త ఎడమకీ కాస్త కుడికీ నడుపుతూ చుట్ట అంచులు గట్టిగా వచ్చేలా ఆమె కట్టేది. ఆమె కట్టిన చుట్ట మీద వాన పడినా లోపలికి దిగేది కాదు. జనం “అల్వీనా చుట్టలు” అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా డెల్మర్ ముఖం ముడుచుకునేది.

ఆ జూన్‌లో ఆమె మా గుట్ట వాలులో గడ్డి కడుతోంది. నేను పెరట్లో దుప్పట్లు ఆరేస్తున్నాను. ఇంజను చప్పుడు హఠాత్తుగా మారింది. బరువు లాగుతున్న ట్రాక్టరు ఒక్కసారిగా తేలికైపోతే వచ్చే చప్పుడది. నేను తలెత్తేసరికి బేలర్ నొగ నేలలోకి దిగబడి ఉంది, ట్రాక్టరు పల్లానికి దూకుతోంది. వెనక్కి తిరిగి చూస్తున్న మనిషి వెనక్కే పడిపోయింది. ట్రాక్టరు తన దారిన తాను పోయి మా కంచెలో చిక్కుకుని ఆగింది.

నేను పరుగెత్తుకెళ్లేసరికి ఆమె వెల్లకిలా పడి ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయి.

“నన్ను కదపకు లొరెట్టా. ముందు ఆ ఇంజను ఆపించు, గడ్డి అంటుకుంటుంది.”

బిస్మార్క్ పట్నం ఆసుపత్రిలో ఆమె తుంటి ఎముక ముక్క తీసి మెడలో పెట్టి ఇనపపట్టీతో బిగించారు. నడుస్తుందనీ, చేతులు పనిచేస్తాయనీ, మెడ మాత్రం ఇక తిరగదనీ చెప్పారు.

నా మొగుడు ఎర్విన్ ఆ సాయంత్రం పొలంలో గడ్డి తడిమి రెండు ఇనపముక్కలు పట్టుకొచ్చాడు. నొగని ట్రాక్టరుకి తగిలించేచోట బొటనవేలంత లావు చీల ఉండాలి. ఈ ముక్కలు ఆ చీలవి కావు, ఓ సన్నపాటి బోల్టువి. అసలు చీల ఎప్పుడో పోయింది. ఎర్విన్ ఆ సంగతి వసంతకాలంలోనే చూసి డెల్మర్‌ని హెచ్చరించాడు కూడా. “ఈ ఏడాదికి ఇది చాల్లే” అన్నాడట వాడు.

అల్వీనా ఇంకా ఆసుపత్రిలో ఉండగానే ఊరంతా ఒక మాట పాకింది, ఆమె ట్రాక్టరు మీద కునుకు తీసిందని. కాఫీ కొట్టులో డెల్మరే చెప్పాడు. చర్చి బయట మళ్లీ చెప్పాడు. “పాపం, ఆడమనిషి, ఎండ కదా, కన్ను మూతపడింది” అన్నాడు. జాలిగా చెప్పాడు కాబట్టి అందరూ నమ్మారు.

ఆమెను ఇంటికి తీసుకొచ్చింది నేనూ ఎర్విన్. మెడ చుట్టూ గట్టి పట్టా, గడ్డం పైకెత్తినట్టు ఉంది. వంటింట్లో బల్ల దగ్గర డెల్మర్, ఒటీలియా కూర్చుని ఉన్నారు. మీగడ పోసి కాల్చిన తీపిరొట్టె, కూగెన్, కోసి పళ్లెంలో పెట్టి ఉంది. ఎర్విన్ ఆ రెండు ఇనపముక్కలూ పళ్లెం పక్కన పెట్టాడు.

డెల్మర్ వాటిని ఒక్క క్షణం చూశాడు. “ఇనుమన్నాక విరుగుతుంది” అన్నాడు.

“విరగడం సరే. నేను నిద్రపోయానని ఎందుకన్నావురా?” అంది అల్వీనా.

“మరేమనమంటావక్కా? నా బోల్టు వల్ల మనిషి పడిందని తెలిస్తే రేపు నన్ను పొలంలోకి ఎవడు రానిస్తాడు? నీకా, ఎలాగూ ఇంక ఈ పనిలేదు. పేరు పోయినా నీకొచ్చే నష్టమేంటి?”

అంత తాపీగా అన్నాడు. లెక్క సరిగ్గా చెప్పిన పిల్లాడిలా మా వైపు చూశాడు కూడా.

అల్వీనా నడుము నుంచి తిరిగి తల్లికి ఎదురైంది. “అమ్మా, విన్నావా?”

ఒటీలియా కూగెన్ ముక్కని కత్తితో ఇంకా చిన్న ముక్కలు చేస్తోంది. “వాడికి పెళ్లాంబిడ్డలున్నారే. నువ్వు ఒంటిదానివి. ఊరుకో” అంది.

అల్వీనా ఊరుకోలేదు, అరవనూ లేదు. మేడ మీదికెళ్లి ఒక పెట్టె సర్దుకుని కిందికి దిగింది. మా పొలంలో ఎర్విన్ పెదనాన్న ఉండి పోయిన చిన్న ఇల్లు ఖాళీగా ఉంటే అందులో దింపాం. దారిలో కారులో ఒక్క మాట అంది. “వాడి గడ్డి కుళ్లాలి లొరెట్టా. వాడి కళ్ల ముందే కుళ్లాలి.” ఆసుపత్రి మందుల మత్తు ఇంకా దిగలేదేమో అనుకున్నాను.

నెల తిరక్కుండా డెల్మర్ కొత్త బేలర్ తెచ్చుకుని అక్క కట్టిన పొలాలన్నీ తనే పట్టుకున్నాడు. ఆమె బేలర్‌ని చెట్ల వెనక ముళ్లపొదల్లో పడేశాడు. దాన్ని తెచ్చుకోవడానికి మేం వెళ్లాం. వాడు కంచె మీద చెయ్యేసి నిలబడి నవ్వాడు.

“తీసుకెళ్లక్కా, నీ సొత్తేగా. లాగడానికి మాత్రం ఏం కడతావు? అమ్మ పాలావునా?”

అల్వీనా ట్రక్కులో పళ్లు బిగించి ముందుకే చూస్తూ కూర్చుంది. ఎర్విన్ బేలర్‌ని మా ట్రక్కుకి తగిలించి లాక్కొచ్చాడు.

ఆగస్టులో ఎర్విన్ రెండో కోత కోస్తున్నాడు. మా గడ్డి కోసే బండికి సొంత ఇంజనుంది, దానంతట అదే నడుస్తుంది. మనిషి ముందు పైన కూర్చుంటాడు. గడ్డి ముందు తెగి, మనిషి కాళ్ల కిందుగా, రెండు చక్రాల మధ్య నుంచి వరసై వెనక పడుతుంది. అల్వీనా కంచె దగ్గర కుర్చీ వేసుకుని దాన్నే చూస్తోంది. మధ్యాహ్నం తిండికి ఆగినప్పుడు ఎర్విన్‌ని అడిగింది.

“వరస నీ కాళ్ల కిందుగా పోతుంది కదూ?”

“అవును.”

“నువ్వు వెనక్కి చూడవు?”

“వెనకేముంది చూడ్డానికి?”

ఆమె నవ్వింది. మెడ విరిగాక నేను చూసిన మొదటి నవ్వు అదే. దాన్ని చూసి నాకేమీ సంతోషం కలగలేదు.

మా ఊరి పాత కమ్మరి థియోఫిల్ షెడ్డు వెనక అలాంటి కోత బండే ఒకటి తుప్పు పట్టి పడి ఉంది, ఇంజను చచ్చింది. భార్య పోయినప్పటి నుంచి థియోఫిల్ డబ్బాల్లో దొరికే తిండే తింటున్నాడు. అల్వీనా వెళ్లి అడిగింది.

“దాని కోతపళ్లు పీకేసి, వెనక నా బేలర్ అతికించాలి. బండీ బేలరూ రెండూ ఒకటే అవ్వాలి. నేను ముందు కూర్చుంటా. వరస నా కాళ్ల కిందుగా బేలర్‌లోకి పోవాలి. కుదురుతుందా?”

“కుదరదు” అన్నాడు థియోఫిల్.

“ఎందుకు కుదరదు?”

అతను గెడ్డం గోక్కుంటూ బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. “ఎందుకు కుదరదో తెలియాలంటే చేసి చూడాలి. ఈ చలికాలమంతా నాకు మధ్యాహ్నం పూట పిండి ముద్దలేసిన క్నెఫ్లా సూప్ కాచిపెట్టు. బండి నీదే, నా చేతులూ నీవే.”

ఆ చలికాలం వాళ్లిద్దరూ షెడ్డు తలుపులేసుకుని పొయ్యి పక్కనే పనిచేశారు. ఆమె పైకి చూడలేదు, కిందికి వంచి చూడలేదు. అందుకని ఒక చేత్తో అద్దం పట్టుకుని అందులో చూస్తూ రెండో చేత్తో బోల్టులు బిగించేది. ముందుగా సొంత చక్రాలు ఊడదీసి బేలర్‌ని దిమ్మెల మీద నిలబెట్టారు. రెండు ఇనపదూలాలతో దాని భుజాలని కోత బండి చట్రానికి కలిపి వెల్డింగ్ చేశారు. కోత బండికి వెనక ఉండే, ఎటు తోస్తే అటు తిరిగే చక్రాలని తెచ్చి బేలర్ కింద పెట్టారు. లేకపోతే మలుపులో చక్రాలు నేలని గీరుకుంటూ పోతాయని థియోఫిల్ చెప్పాడు. ఒక పాత ధాన్యం ట్రక్కు నుంచి ఇంజను ఎత్తుకొచ్చి బిగించారు. సీటుకి రెండు పక్కలా ట్రక్కు అద్దాలు పొడుగాటి చేతులతో నిలబెట్టారు. లోపల చుట్ట ఎంత పెరిగిందో తెలియడానికి బేలర్ నుంచి సీటు దాకా ఒక తీగ లాగి దాని చివర ఎర్ర రేకుముక్క కట్టారు. చుట్ట నిండితే ఆ రేకు ఆమె కళ్ల ముందుకి లేస్తుంది.

నేను ఒకరోజు రొట్టె తీసుకుని వెళ్తే థియోఫిల్ అంటున్నాడు. “ఆవు ముందుకాళ్లకి ఎద్దు వెనక్కాళ్లు తగిలించినట్టుందే తల్లీ ఇది.”

“నడవనీ, పాలిచ్చేపని లేదుగా” అంది అల్వీనా. తర్వాత అద్దంలోంచి నన్ను చూసింది. “లొరెట్టా, డెల్మర్ ఈ ఏడు ఎవరెవరి గడ్డి కడతానని ఒప్పుకున్నాడు? కనుక్కుని చెప్పు.”

బండి పూర్తవకముందే ఆమె వాడి పొలాలని ఒక్కొక్కటే మనసులో పేర్చుకుంటోందని అప్పుడు అర్థమైంది.

మంచు కరిగాక మా కళ్లంలో మొదటిసారి నడిపి చూశారు. పాతగడ్డి వరసగా పరిచాం. ఈ సంగతి ఎలా తెలిసిందో, డెల్మర్ రోడ్డు మీద బండి ఆపుకుని కిటికీలోంచి చూస్తున్నాడు. అల్వీనా ఎక్కింది, ఇంజను మోగింది, బండి నిజంగానే ముందుకి కదిలింది. నేను చప్పట్లు కొట్టబోయాను. అంతలో గడ్డిని లోపలికి లాక్కోవాల్సిన పళ్లు తిరగేసి తిరిగాయి. గడ్డంతా ఎగిరొచ్చి ఆమె ఒళ్లో, నెత్తి మీద పడింది.

“అక్కా! గడ్డి కట్టమంటే నీకే మేత పెడుతోందే నీ బండి! తినెయ్, పారేయకు!” అని అరిచాడు డెల్మర్. వాడి నవ్వు మా గుట్టకి తగిలి మళ్లీ వినబడింది.

ఆమె ఒళ్లో గడ్డి దులుపుకోలేదు. వాడి బండి మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా అలాగే కూర్చుంది. అప్పుడు దిగి థియోఫిల్‌తో “ఏం చెయ్యాలి?” అని మాత్రం అడిగింది. గేర్‌బాక్సుని ఊడదీసి తలకిందులు చేసి బిగించారు. తిరుగుడు సరయింది.

ఆ ఏడు ఆమె మొదటి చుట్ట మా పొలంలోనే కట్టింది. చూడ్డానికి వికారంగా ఉన్న ఆ బండి పొలంలో మాత్రం పాములా మెలికలు తిరిగేది. మూలల్లో ఉన్నచోటే తిరిగిపోయేది, ట్రాక్టరుకి కావలసిన చుట్టుదారి దానికి అక్కర్లేదు. వరస కళ్లెదుటే ఉండటంతో ఎడమకీ కుడికీ నడపడం ఆమెకి ఇదివరకటికన్నా తేలికైంది. పాత అల్వీనా చుట్టలకన్నా కొత్తవి గట్టిగా వచ్చాయి. ఎర్విన్ ఒక చుట్టని కాలితో తన్ని చూసి, కాలు పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు.

పిలుపులు మొదలయ్యాయి. ఎవరైనా ఫోన్ చేస్తే ఆమె మొదట అడిగేది ఒకటే.

“ఇదివరకు నీది ఎవరు కడుతున్నారు?”

“మేమే కట్టుకునేవాళ్లం, యంత్రం చెడిపోయింది” అంటే “వచ్చే వారం వస్తా” అనేది. “డెల్మర్” అంటే “ఇవాళే వస్తున్నా” అనేది.

కూలి డబ్బుగా తీసుకునేది కాదు, గడ్డిలోనే వాటా తీసుకునేది. పొలం గట్టు మీద బండి ఆపి, ఇంజను వేసేముందు ఆ రైతుని ఎదురుగా నిలబెట్టుకునేది. మొదటిసారి నేనూ అక్కడే ఉన్నాను. ఆ రైతు రైన్‌హోల్డ్ మైడింగర్, చర్చిలో చందా పళ్లెం పట్టుకునే పెద్దమనిషి. మావాడికి దొరికిన బోల్టు ముక్కల సంగతి అప్పటికే ఊళ్లో గుసగుసగా అందరికీ తెలుసు, పైకి అనేవాళ్లే లేరు.

“బాబాయ్, నాకు ఆరోజు ఏమైంది?”

“ఏ రోజమ్మా?”

“నా మెడ విరిగిన రోజు.”

ఆయన టోపీ సర్దుకున్నాడు. “డెల్మర్ చెప్పాడు కదా, కునుకు…”

ఆమె తాళంచెవి తీసి జేబులో వేసుకుంది. గడ్డి ఆరి ఉంది, మబ్బు పడుతోంది. ఆయన మబ్బు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.

“చీల విరిగింది” అన్నాడు.

“ఎవరు పెట్టిన చీల?”

“చీల కాదులే, బోల్టు. డెల్మర్ పెట్టాడు.”

“నేను నిద్రపోయానా?”

“లేదమ్మా.”

అప్పుడు ఇంజను వేసింది. ఆ వేసవిలో అలా ఒక్కొక్కరి నోటా అనిపించింది. కొందరు సిగ్గుతో అన్నారు, కొందరు విసుగ్గా అన్నారు, ఒకాయన నవ్వుతూ అన్నాడు. నవ్వినాయన చేత మళ్లీ అనిపించింది.

ఆ మాట కాఫీ కొట్టుకి చేరకుండా ఉంటుందా? డెల్మర్ వచ్చి కూర్చుంటే బల్ల దగ్గర మాటలు ఆగిపోవడం మొదలైంది. కోత ముగిసేసరికి వాడికి కూలికి కట్టే పొలం ఒక్కటీ మిగల్లేదు. తన ఆవులు, తన గడ్డి, అంతే. చాలనుకున్నాను నేను. నాకు అల్వీనా పూర్తిగా తెలియదు.

మరుసటి ఏడు జూలైలో, అంతవరకూ పొడిగా ఉన్న గాలి తిరిగి పడమట నల్లగా కమ్ముకొచ్చింది. మా పొలానికీ డెల్మర్ పల్లపు పొలానికీ మధ్య కంచె ఒక్కటే అడ్డం. ఆ పొలమంతా కోసిన గడ్డి వరసలు వరసలుగా పరిచి ఉంది. వాడి ఆవుల చలికాలం తిండి మొత్తం అదే. పొద్దున వాడి బేలర్‌లో బేరింగు మాడి నిప్పు రాజుకుంది. వరస మధ్యలో అది నల్లటి అస్థిపంజరంలా నిలబడి ఉంది. యంత్రం ఉన్న ప్రతివాడూ తన గడ్డి కోసం పరుగులు పెడుతున్నాడు. కూలికి కట్టేది అల్వీనా ఒక్కతే.

ఆమె మా పొలంలో చివరి చుట్ట దింపుతోంది. నేను కాఫీ తెచ్చి ఇచ్చాను. డెల్మర్ కంచె దూకి వచ్చాడు, ముఖమంతా మసి. పక్కనుంచి “అక్కా” అన్నాడు. ఆమె కదల్లేదు. వాడు బండి ముందుకొచ్చి నిలబడ్డాడు.

“అక్కా, వానొచ్చేస్తోంది.”

“కనబడుతోంది.”

“నాది కట్టిపెట్టవూ?”

“ఆరోజు ఏమైందో చెప్పు.”

వాడు నా వైపు చూశాడు. “లొరెట్టా ముందా?”

“లొరెట్టాకి తెలుసు, నాకూ తెలుసు. నువ్వు చెప్పు.”

వాడు టోపీ తీసి చేతుల్లో నలిపాడు. “బోల్టు విరిగింది. నేనే పెట్టా. ఆగదని తెలుసు. ఒక్క పొలమేగా, ఆగుతుందిలే అనుకున్నా. నువ్వు నిద్రపోలేదు. చాలా?”

“ఇంజను చప్పుడులో వినబళ్లేదు.”

“నువ్వు నిద్రపోలేదక్కా!” అని అరిచాడు. గొంతు పగిలి ఏడుపులా వచ్చింది. “చాలా? ఇంకా గట్టిగా అరవనా?”

“వినబడింది” అంది.

ఆమె మీట ముందుకి తోసింది. బండి ఉన్నచోటే గిర్రున తిరిగి మా గేటు వైపు కదిలింది. రోడ్డు మీదుగా చుట్టి తన పొలంలోకి వస్తోందనుకుని డెల్మర్ అడ్డదారిన పరుగెత్తాడు. తన గేటు బార్లా తెరిచి, గాలికి మూసుకుపోకుండా రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. బండి రోడ్డెక్కింది. ఆ గేటు దాకా వెళ్లింది. వేగం తగ్గలేదు. వాడి ముందునుంచి దాటుకుంటూ మైడింగర్ పొలం వైపు సాగిపోయింది. వాడు చాలాసేపు ఆ గేటుని అలాగే పట్టుకుని ఉన్నాడు.

నేను కారేసుకుని వెంటపడ్డాను. మైడింగర్ గట్టు మీద ఆమెకి ఎదురుగా వెళ్లి నిలబడ్డాను.

“అల్వీనా, అన్నాడుగా! నువ్వు అడిగింది అన్నాడుగా!”

“అన్నాడు.”

“ఇంకేం కావాలి నీకు?”

“నా మెడ. ఇస్తాడా?”

నేను బండి ముందునుంచి కదల్లేదు. “తప్పుకో, వానొస్తోంది” అంది.

సాయంత్రానికి వాన పట్టుకుంది. రోజుల తరబడి వదల్లేదు. వరసల్లో గడ్డి ముందు పసుపురంగుకి తిరిగి, తర్వాత నల్లబడి, చివరికి పేడలా తయారైంది. ఎండ వచ్చాక ఆ వాసన మా వంటింట్లోకి కూడా వచ్చింది. అల్వీనా రోజూ ఉదయం కాఫీ కప్పు పట్టుకుని కంచె దాకా నడిచి వెళ్లి చూసి వచ్చేది.

అక్కడితో ఆగినా బాగుండేది. కూలి కింద వచ్చిన గడ్డి చుట్టలన్నీ ఆమె మా పొలం అంచున, సరిగ్గా డెల్మర్ వంటింటి కిటికీకి ఎదురుగా పేర్పించింది. కొనడానికి ఎవరొచ్చినా అమ్మేది, డెల్మర్ పంపినవాళ్లకి తప్ప. ఒకరిద్దరు వాడి తరఫున తమ పేరుతో కొనబోయారు. ఆమె కనిపెట్టి వెనక్కి పంపేసింది.

మొదటి మంచు పడ్డాక ఒటీలియా నడుచుకుంటూ వచ్చింది. నేను అల్వీనా ఇంట్లోనే ఉన్నాను, పేగుల్లో మాంసం కూరి సాసేజ్ చేస్తున్నాం. ఆ ముసలామె కోటు కూడా విప్పకుండా కూతురికి ఎదురుగా కూర్చుంది.

“ఆవులు ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాయే. గడ్డి ఇవ్వు.”

“ఇవ్వను.”

“నేనడుగుతున్నా. నేను, నీ అమ్మని.”

“ఆరోజు కూడా నువ్వే అన్నావమ్మా, ఊరుకో అని.”

ఒటీలియా కోటు బొత్తాలు మెడ దాకా పెట్టుకుంది. తర్వాత లేచి, “నీకు మెడ ఒక్కటే కాదే, లోపల ఇంకేదో కూడా బిగుసుకుపోయింది” అంది.

“అవునమ్మా. మెడ ఆసుపత్రివాళ్లు బిగించారు. మిగతాది నువ్వు బిగించావు.”

తల్లి తలుపు తీసుకుని వెళ్లిపోయింది. అల్వీనా మళ్లీ సాసేజ్ పని అందుకుంది, కానీ మరీ గట్టిగా కూరడంతో పేగు చిరిగిపోయింది. “ఛీ” అని దాన్ని అవతల పారేసింది. ఆమె కళ్లలో నీళ్లు మాత్రం నేను చూడలేదు.

డెల్మర్ ఆవుల్ని వేలానికి తోలాడు. అల్వీనా శుభ్రంగా తల దువ్వుకుని వెళ్లి, వేలం దొడ్డిలో మొదటి బల్ల మీద, వాడికి కనబడేచోట కూర్చుంది. ఏమీ కొనలేదు. చివరి ఆవు బయటికి పోయాక లేచి వచ్చేసింది. వసంతంలో వాడు పొలాన్ని కౌలుకిచ్చి, పెళ్లాంబిడ్డలతో, తల్లితో తూర్పున చక్కెర ఫ్యాక్టరీ పనికి వెళ్లిపోయాడు. ఊళ్లో కొందరు అల్వీనాతో మాట్లాడటం మానేశారు. రైన్‌హోల్డ్ మైడింగర్ చర్చిలో ఆమె పక్కన కూర్చోవడం మానేశాడు. గడ్డి కట్టడానికి పిలవడం మాత్రం ఎవరూ మానలేదు.

వ్యవసాయ పత్రిక నుంచి ఒకతను ఆ బండికి ఫోటో తీసుకోవడానికి వచ్చాడు. ఎలా చేశారు, ఏ ఇంజను, ఏ చక్రాలు అని అన్నీ అడిగి రాసుకున్నాడు. చివర్లో “ఇలాంటిది చెయ్యాలని ఎందుకనిపించిందండీ?” అన్నాడు. “కోపం వచ్చి” అంది అల్వీనా. అతను నవ్వి, మెడ నొప్పి తగ్గించుకోవడానికి అని రాసుకున్నాడు.

డెల్మర్ పల్లపు పొలం కౌలుకి తీసుకున్నది విషెక్ నుంచి వచ్చిన కుర్ర రైతు. అతనికి ఈ గొడవలేవీ తెలియవు. గడ్డి కట్టడానికి అల్వీనాకే ఫోన్ చేశాడు. ఆమె వెంటనే ఒప్పుకుంది. ఏమవుతుందో అని నేను మధ్యాహ్నం తిండి పట్టుకుని వెళ్లాను. కాలిపోయిన డెల్మర్ బేలర్ పొలంలో ఇంకా అలాగే ఉంది. ఆమె దాని చుట్టూ తిరిగి, మిగతా వరసలన్నీ నున్నగా కట్టేస్తోంది. కంచె దగ్గర బండి ఆపి దిగి నాకు ఎదురుగా కూర్చుంది.

ఉండబట్టలేక అడిగేశాను. “సంతోషంగా ఉందా ఇప్పుడు?”

ఆమె రొట్టె నములుతూ ఆలోచించింది. “సంతోషం అనుకోలేదే నేను ఎప్పుడూ. వాడు అనుభవించాలనుకున్నా. అనుభవించాడు.”

“మళ్లీ ఆరోజే వస్తే? వాడు గేటు పట్టుకుని నిలబడితే?”

“అలాగే పోతా” అంది. కాస్త ఆగి, “నువ్వు మాత్రం నాకు ఎదురుగా వచ్చి నిలబడకు లొరెట్టా. ఆరోజు నువ్వు నిలబడ్డప్పుడు వెనక్కి తిప్పనా అని ఒక్క నిమిషం నా చెయ్యి మీట మీద ఆగింది” అంది.

నేను మిగిలిన రొట్టెని గుడ్డలో చుట్టాను. ఆమె గడ్డిపరకతో పళ్లు కుట్టుకుని, లేచి, ఇంజనులో నూనె చూసుకుని బండెక్కింది. పొలం ఇంకా సగం మిగిలే ఉంది.